విజయనగరం నుంచి వైజాగ్‌కి రోజూ: రైలా, బస్సా?

వైజాగ్‌లో కొత్తగా ఉద్యోగం వచ్చిన మా విజయనగరం పిల్లలు నన్ను ముందుగా అడిగేది రైలు మంచిదా, బస్సు మంచిదా అని. చాలా ఏళ్లుగా రెండింట్లోనూ తిరుగుతున్నాను. నేను వాళ్లను తిరిగి అడిగేది ఒక్కటే: మీ ఆఫీసు సింహాచలం కొండకు ఏ పక్కన ఉంది?

రైలు కొత్తవలస, పెందుర్తి మీదుగా కొండకు పడమటి పక్క నుంచి ఊళ్లోకి వస్తుంది. బస్సు ఆనందపురం, మధురవాడ మీదుగా తూర్పు పక్క నుంచి వస్తుంది. గోపాలపట్నం, కంచరపాలెం వైపు పనిచేసేవాళ్లు బస్సెక్కితే ఊరంతా చుట్టాలి. మధురవాడ వాళ్లు రైలెక్కితే స్టేషన్లో దిగి, మళ్లీ సిటీ బస్సులో ఊరి ఆ చివరికి పోవాలి. ఛార్జీల లెక్కలన్నీ దీని తర్వాతే. మా ఆఫీసు ఊరి మధ్యలో, డాబాగార్డెన్స్‌లో కాబట్టి నాకు రెండూ కుదురుతాయి.

రైలుకి సీజన్ టికెట్ తీసుకుంటే నెల ఖర్చు బస్సు కంటే బాగా తక్కువ. అయితే దాంతో రిజర్వేషన్ బోగీ ఎక్కకూడదు, సూపర్‌ఫాస్ట్ ఎక్కాలంటే సర్‌ఛార్జి వేరే కట్టాలి. కరోనా తర్వాత పాసింజర్లకు కూడా ఎక్స్‌ప్రెస్ ఛార్జీ, కనీసం 30 రూపాయలు వసూలు చేశారు. 2024లో మళ్లీ 10 రూపాయలకు దించాక అలమండ, కొత్తవలసల నుంచి ఎక్కేవాళ్లకు ఊపిరొచ్చింది.

ఇక టైముకి దించుతుందా అంటే, పెందుర్తి వరకు నమ్మొచ్చు. ఆ తర్వాతే టెన్షన్. వైజాగ్ స్టేషన్లో ఉన్నవి ఎనిమిది ప్లాట్‌ఫాంలు. ఇక్కడ చాలా రైళ్లు ఇంజను మార్చుకుని వెనక్కి తిరిగి వెళ్తాయి కాబట్టి ప్లాట్‌ఫాం తొందరగా ఖాళీ అవదు. అంతవరకు మనం సింహాచలం దగ్గర కిటికీలోంచి కొండ చూస్తూ కూర్చోవాలి. లేడీస్ బోగీలో ఆ టైముకి ఎవరో ఒకరు చిక్కుడుకాయలు ఒలిచేయడం కూడా పూర్తిచేసేస్తారు. బయోమెట్రిక్ అటెండెన్స్ ఉన్నవాళ్లు మాత్రం ఒక రైలు ముందుదే పట్టుకోండి.

2023 అక్టోబరు 29 రాత్రి కంటకాపల్లి, అలమండ మధ్య పలాస పాసింజర్‌ను రాయగడ పాసింజర్ వెనక నుంచి గుద్దింది. మేం రోజూ ఎక్కే బళ్లే అవి. ఆ తర్వాత చాలా రోజులు ఇంట్లోవాళ్లు నన్ను రైలెక్కనివ్వలేదు. అప్పుడే బస్సు బాగా అలవాటైంది.

బస్సుల్లో నాన్‌స్టాప్‌కి వంక పెట్టడానికి లేదు. కాంప్లెక్సులో, అంటే ఆర్టీసీ బస్టాండులో, ఎక్కితే సీటు, ట్రాఫిక్ లేకపోతే గంటన్నరలో వైజాగ్ కాంప్లెక్స్. 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి మొదలయ్యాక ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లు ఉచితం, నాన్‌స్టాప్‌కి మాత్రం డబ్బులు కట్టాలి. ఎక్స్‌ప్రెస్‌లో ఇప్పుడు కాలు పెట్టే చోటు ఉండదు. ‘అమ్మా, ఆధార్ బయటికి తీసి ఉంచండి’ అంటూ కండక్టర్ జీరో టికెట్లు కొట్టుకుంటూ వెనక్కి చేరేసరికి ఆనందపురం వచ్చేస్తుంది. ‘ఓలమ్మా, కాస్త జరుగు’ అని పెద్దావిడ అడిగితే ఎటు జరగాలో తెలీదు. డబ్బులు పెట్టి కూర్చోవాలా, ఊరికే నిలబడాలా అన్నది ఆ రోజు నడుం నొప్పిని బట్టి తేల్చుకుంటాను.

ఈ పథకం వల్ల నాకు అసలైన లాభం ఊళ్లో కలిసొచ్చింది. సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లు కూడా ఉచితమే కాబట్టి, రైలు దిగాక ఆటోకి పోసే డబ్బు మిగిలింది. సీజన్ టికెట్, ఆపైన సిటీ బస్సు: ఆడవాళ్లకు ఇంతకంటే చవకైన దారి లేదు. మగవాళ్లకు ఈ లెక్క వర్తించదు, మా ఆయన రోజూ గుర్తుచేస్తుంటారు.

సాయంత్రం మాత్రం బస్సే. మద్దిలపాలెంలో ఎక్కుదామనుకుంటే విజయనగరం దాకా నిలబడాల్సిందే, రెండు స్టాపులు వెనక్కైనా సరే కాంప్లెక్స్‌కే వెళ్లి ఎక్కండి.