కాంటాక్టర్ కాయిల్‌కి ఆర్‌సీ మాడ్యూల్: ఆ డబ్బు పెట్టొచ్చా?

పర్లాకిమిడి, కాశీనగర్ వైపు రైసు మిల్లుల పానెళ్లు చూసేవాళ్లకి ఈ గోల కొత్త కాదు. ఎలివేటర్ మోటారు ఆగిన మరుక్షణం పీఎల్‌సీ (మెషిన్లని నడిపే చిన్న కంప్యూటర్) హ్యాంగ్ అవుతుంది, లేకపోతే డిస్‌ప్లే ఒక్కసారి ఆరిపోయి మళ్లీ వస్తుంది, ఓనరు ఏమో పీఎల్‌సీయే పనికిరాదు మార్చేయండి అంటాడు. పీఎల్‌సీది తప్పేం లేదండీ. మోటారుని ఆన్, ఆఫ్ చేసే స్విచ్ కాంటాక్టర్, దాన్ని లాగే తీగచుట్ట కాయిల్. ఆ కాయిల్‌లో కరెంటు తెగినప్పుడు వెనక్కి తన్నే వోల్టేజీ స్పైక్, 230 వోల్టుల కాయిల్ అయినా సరే, వేల వోల్టులకు పోగలదు. దీనికోసం ష్నైడర్ వాళ్ల ఎల్‌ఏడీ4ఆర్‌సీయూ అనే ఆర్‌సీ మాడ్యూల్ తెప్పించి వాడుతున్నాను. ఏసీ కాయిల్ అయితే ధైర్యంగా కొనండి.

అదే కంపెనీ టెసిస్ డి సిరీస్‌లో డి09 నుంచి డి38 వరకు కాంటాక్టర్ మీద నొక్కితే క్లిక్‌మని కూర్చుంటుంది, కాయిల్‌కి విడిగా వైరు లాగే పని లేదు. 110 నుంచి 240 వోల్టుల ఏసీకి ఇది. ధర చూస్తే మాత్రం మనసొప్పదు, లోపల ఉన్నది ఒక కెపాసిటర్, ఒక రెసిస్టర్ అని తెలిసినవాడికి మరీను.

మరి చవగ్గా వచ్చే ఎంఓవీ, అంటే వేరిస్టర్ (వోల్టేజీ హద్దు దాటితే తనలోంచి కరెంటు పోనిచ్చే బిళ్ల), పెట్టుకుంటే పోలా? ఇక్కడే చాలామంది పొరబడతారు. కంపెనీ కేటలాగ్ ప్రకారం వేరిస్టర్ స్పైక్‌ని కాయిల్ వోల్టేజీకి రెండింతల దగ్గర ఆపుతుంది, ఆర్‌సీ మూడింతల దాకా వదిలేస్తుంది. అంకెలు చూస్తే వేరిస్టరే మేలనిపిస్తుంది కదా, కానీ వేరిస్టర్ పై కొసను కోస్తుంది తప్ప స్పైక్ లేచే వేగాన్ని తగ్గించదు, ఆర్‌సీ ఆ వేగాన్నే తగ్గిస్తుంది, ఊగులాటని 400 హెర్ట్జ్ లోపు ఉంచుతుంది. పక్క వైర్లలోకి దూకి పీఎల్‌సీని కంగారు పెట్టేది స్పైక్ ఎత్తు కన్నా ఆ వేగమే. అందుకే కాయిల్ ఇన్సులేషన్‌ని, దాన్ని ఆపే కాంటాక్ట్‌ని కాపాడుకోవడమే మీ పని అయితే ఎంఓవీ చాలు, పానెల్‌లో ఎలక్ట్రానిక్స్ ఉంటే ఆర్‌సీ పెట్టండి. ఎంఓవీయే పెడతాను అంటే 431 నంబరుది కాకుండా 471 తీసుకోండి. మొదటిది 275 వోల్టుల ఏసీకి, రెండోది 300కి. రాత్రి పంపుసెట్లు ఆగాక వోల్టేజీ పైకి పోయే ఫీడర్ల మీద ఆ కాస్త తేడా పనికొస్తుంది. పైగా దెబ్బలు తిని తిని ఎంఓవీ అరిగిపోతుంది, చివరికి షార్ట్ కూడా కావచ్చు, ఫ్యూజు లేకుండా పెట్టకండి.

ఒక షాపులో అడిగితే "ఏటి బాబూ, రెండ్రూపాయల డయోడ్‌తో అయిపోయేదానికి ఇంత ఖర్చా" అన్నాడు. డయోడ్ కరెంటుని ఒకవైపే పోనిస్తుంది, ఏసీ కాయిల్‌కి అడ్డంగా పెడితే అర సైకిల్ నేరుగా షార్టే, ఫ్యూజు పోతుంది. డీసీ సంగతి వేరు. 24 వోల్టుల చిన్న ఇంటర్‌ఫేస్ రిలేకి (పీఎల్‌సీ అవుట్‌పుట్‌కీ లోడుకీ మధ్య పెట్టే చిన్న స్విచ్) 1ఎన్4007 డయోడ్ భేషుగ్గా సరిపోతుంది, ప్లస్, మైనస్ తిరగేయకుండా చూసుకుంటే చాలు. డీసీ కాంటాక్టర్‌కి మాత్రం వద్దు. కాయిల్‌లో కరెంటు డయోడ్ గుండా తిరుగుతూ మెల్లగా చస్తుంది కాబట్టి వదిలే టైము 6 నుంచి 10 రెట్లు పెరుగుతుంది, అంతసేపూ కాంటాక్టులు బద్ధకంగా విడిపోతూ ఆర్క్‌లో కాలుతుంటాయి, ఒక్కోసారి అతుక్కుపోతాయి కూడా. డయోడ్‌కి వరసలో జెనర్ (ఒక వోల్టేజీ దాటితేనే వెనక్కి కరెంటు వదిలే డయోడ్) పెడితే, లేదా రెండు వైపులా పనిచేసే టీవీఎస్ (స్పైక్‌ని కోసే డయోడ్) పెడితే ఆ ఆలస్యం చాలా తగ్గుతుంది. అసలు టెసిస్ డిలో డీసీ కాయిల్ మోడళ్లకి స్పైక్‌ని అణిచే సప్రెసర్ లోపలే వస్తుంది, మళ్లీ కొనకండి.

ఆర్‌సీతో నాకున్న ఒకే ఒక్క ఫిర్యాదు మాడ్యూల్ మీద కాదు, దాన్ని పెట్టే చోటు మీద. కొందరు స్నబ్బర్‌ని, అంటే ఈ ఆర్‌సీనే, కాయిల్ దగ్గర కాకుండా పీఎల్‌సీ అవుట్‌పుట్ కాంటాక్ట్‌కి అడ్డంగా వేస్తారు. 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ 230 వోల్టుల దగ్గర దాదాపు 7 మిల్లీ ఆంపియర్లు లీక్ చేస్తుంది. పెద్ద కాంటాక్టర్‌కి అది లెక్కలోది కాదు గానీ చిన్న రిలే వదలకుండా పట్టుకుని ఉండిపోవచ్చు, ఎల్‌ఈడీ లాంప్ అయితే ఆఫ్‌లో కూడా మసగ్గా వెలుగుతుంది. కాయిల్ దగ్గరే, కాయిల్ టెర్మినల్స్ మీదే పెట్టండి. దూరంగా పెడితే మధ్యలో ఉన్న వైరంతా ఆ రొదని పానెల్ నిండా చల్లుతుంది.

ఆర్డర్ పెట్టేముందు కాయిల్ మీద రాసిన వోల్టేజీ చదవండి. మనవైపు పాత స్టార్టర్లలో ఫేజుకీ ఫేజుకీ మధ్య 415 వోల్టుల కాయిల్ వేసినవి ఇంకా బోలెడున్నాయి, వాటికి ఈ మాడ్యూలూ పనికిరాదు, పైన చెప్పిన 471 ఎంఓవీ అంతకన్నా పనికిరాదు.