జెట్ పాత సంచికలు: అలీ కోసం తెరిచి ఏళ్ల తరబడి చదివాక

2016 జూన్‌లో మహమ్మద్ అలీ చనిపోయిన వారం, ఆయన ఆడే రోజుల్లో నల్లజాతి పత్రికలు ఏం రాశాయో చూద్దామని నెట్‌లో స్కాన్ చేసి పెట్టిన జెట్ అనే అమెరికా పత్రిక సంచికలు తెరిచాను. అప్పటినుంచి వదల్లేదు.

ముందే చెప్తున్నా, ఇది అచ్చంగా ఆటల పత్రిక కాదు. బ్లాక్ స్పోర్ట్స్ అని అలాంటిదొకటి 1970లలో వచ్చింది గానీ పదేళ్లు కూడా నిలవలేదు. జెట్‌ని 1951 నవంబర్‌లో షికాగోలో జాన్ హెచ్. జాన్సన్ మొదలుపెట్టాడు. జేబులో పట్టేంత వారపత్రిక, అచ్చులో 2014 దాకా నడిచింది. తెల్లవాళ్లు చంపి ఛిద్రం చేసిన 14 ఏళ్ల నల్లజాతి పిల్లాడు ఎమ్మెట్ టిల్ ముఖాన్ని 1955 సెప్టెంబర్‌లో ఫొటో వేసి చూపించింది ఈ చిన్న పత్రికే. అలాంటి చోట ఆటల పేజీ స్కోరుతో ఆగదు. ఆటగాడు ఏ హోటల్లో దిగాడు, ఎవరు దిగనివ్వలేదు అన్నది కూడా వార్తే.

నాకు బాగా పట్టేసింది మాత్రం వరసగా చదవడం. 1967 ఏప్రిల్ 28న హ్యూస్టన్‌లో సైన్యంలో చేరనన్నందుకు అలీ టైటిల్ లాగేసుకున్నారు, మూడున్నరేళ్లు రింగులోకి రానివ్వలేదు అని మనం ఒక్క వాక్యంలో చెప్పేసుకుంటాం కదా, ఒక్కో వారం సంచిక తిప్పుకుంటూ పోతే ఆ మూడున్నరేళ్లు ఎంత పొడుగో తెలుస్తుంది. 25 నుంచి 28 ఏళ్ల వయసు, బాక్సర్‌కి ఒంట్లో సత్తువంతా ఉండే కాలం, అదంతా పోయింది. అడ్డుకోవడానికి జార్జియాకి రాష్ట్ర బాక్సింగ్ కమిషనంటూ లేకపోవడంతో లీరాయ్ జాన్సన్ అనే నల్లజాతి రాష్ట్ర సెనేటర్ పూనుకుని అట్లాంటాలో అనుమతి తెప్పించాడు. 1970 అక్టోబర్ 26న జెర్రీ క్వారీతో పోటీ, మూడు రౌండ్లకే ముగిసింది. గెలిచింది అలీయేనని నాకు తెలుసు, అయినా ఆ నెల సంచికల దగ్గరికి వచ్చేసరికి టెన్షన్ పడ్డాను.

లోపాలు ఉన్నాయి. నేను వాడే సైట్‌లో కొన్ని సంచికలు లేవు. సన్న అక్షరాలు, కుట్టు దగ్గర మడతలో పడి వాక్యాల చివరి మాటలు కనపడవు. పేరు కొట్టి వెతికితే ఒక్కోసారి పక్కనున్న తలనూనె ప్రకటన వస్తుంది. ఫోన్లో చదవొద్దు, కళ్లు లాగేస్తాయి, పెద్ద స్క్రీన్ మీదే చదవండి. వెతకడం కూడా మానేసి ఏదో ఒక ఏడాది పట్టుకుని మొదటి నుంచి తిప్పండి, ఆ తలనూనె ప్రకటనలతో సహా.

ఐదుకి నాలుగున్నర ఇస్తాను. ప్రస్తుతం 1957 మే నెలలో ఉన్నాను, నల్లజాతి టెన్నిస్ క్రీడాకారిణి ఆల్థియా గిబ్సన్ వింబుల్డన్ గెలవడానికి ఇంకా రెండు నెలలుంది.