మార్పులు చేసిన కోబోను మొదటి స్థితికి తేవాలంటే ఏది మేలు?

కోనసీమలో నాకు తెలిసినవారి దగ్గరున్న కోబో రీడర్లలో (ఈ-పుస్తకాలు చదివే పరికరాలు) ఎక్కువ భాగం విదేశాల్లోని బంధువులు తెచ్చి ఇచ్చినవే. తెలుగు పుస్తకాలను తమకు నచ్చిన ఫాంటులో చదువుకునేందుకు వాటిలో నికెల్‌మెనూ (కోబో మెనూలో అదనపు ఎంపికలు చేర్చేది), కోరీడర్ (పుస్తకాలు చదివే మరో యాప్) వేసుకున్నవారు ఇప్పుడు తరచుగా అడుగుతున్నది ఒక్కటే: పరికరాన్ని మళ్లీ కొత్తదానిలా చేయాలంటే ఫ్యాక్టరీ రీసెట్ చేయాలా, వేసినవాటిని విడిగా తీసేస్తే చాలా?

రీసెట్‌తో లోపలి రికవరీ విభాగంలో ఉన్న అసలు సాఫ్ట్‌వేర్ తిరిగి వచ్చి, మనం చేర్చినదంతా పోతుంది. ఆ శుభ్రతలో దానికి సాటి లేదు. అయితే కొన్ననాటి పాత వెర్షన్ వస్తుంది కనుక మళ్లీ అప్‌డేట్ చేసుకోవాలి. వైఫై ద్వారా గానీ కంప్యూటర్ ద్వారా గానీ సెటప్ పూర్తిచేసి ఖాతాలోకి లాగిన్ కావాలి.

నా దృష్టిలో అసలు తేల్చవలసినది పుస్తకాల సంగతి. కోబో దుకాణంలో కొన్నవి ఖాతా నుంచి మళ్లీ దిగుతాయి. కానీ మనవాళ్ల రీడర్లలో ఉన్న తెలుగు పుస్తకాలు చాలావరకు వికీసోర్స్ నుంచి దింపుకున్న ఈపబ్‌లు, ఇంట్లో తాతగారి పుస్తకాలను స్కాన్ చేసుకున్న పీడీఎఫ్‌లు. రీసెట్ వీటన్నిటినీ తుడిచేస్తుంది. పుస్తకాలను మాత్రమే కాపీ చేసుకుంటే సరిపోదు: కోరీడర్‌లో గీసుకున్న గీతలు, రాసుకున్న నోట్సు, పుస్తకం పక్కనే ఉండే, పేరు చివర ఎస్‌డీఆర్ అని ఉన్న ఫోల్డర్‌లో ఉంటాయి. కోబో సొంత రీడర్‌లో గీసినవి, డాట్‌తో మొదలయ్యే కోబో ఫోల్డర్‌లోని కోబోరీడర్ ఎస్‌క్యూలైట్ ఫైలులో ఉంటాయి. దాగిన ఫోల్డర్లను చూపమని కంప్యూటర్‌లో అమర్చుకోకపోతే ఆ ఫోల్డర్ కనబడకపోవచ్చు. ఏళ్ల తరబడి చదివిన గుర్తులు అక్కడే పోతాయి.

విడిగా తీయడం అంతకన్నా తేలిక. డాట్‌తో మొదలయ్యే యాడ్స్ ఫోల్డర్‌లోని ఎన్‌ఎం ఫోల్డర్‌లో అన్‌ఇన్‌స్టాల్ అనే ఆంగ్ల పదాన్నే పేరుగా పెట్టి ఒక ఖాళీ ఫైలు సృష్టించి, కేబుల్ తీసి రీస్టార్ట్ చేస్తే నికెల్‌మెనూ తనంతట తానే తొలగిపోతుంది. నోట్‌ప్యాడ్ ఆ పేరు చివర టీఎక్స్‌టీ తగిలిస్తుంది, దాన్ని చెరిపేయాలి, లేకపోతే ఏమీ జరగదు. ఆ తరువాత కోరీడర్ ఫోల్డర్‌ను తొలగించాలి. పుస్తకాలు, ఖాతా, కొత్త వెర్షన్ అన్నీ చెక్కుచెదరవు.

పవర్ బటన్ నొక్కిపట్టి చేసే రీసెట్, తెర అసలు స్పందించనప్పటి మాట. ఆ పద్ధతి మోడల్‌ను బట్టి మారుతుంది. క్లారా హెచ్‌డీ వంటి వాటిని విప్పి లోపలి మెమరీ కార్డును మళ్లీ రాయడం అనుభవజ్ఞులకు వదిలేయవలసిన పని.

కాబట్టి రీడర్ మీ దగ్గరే ఉండేట్లయితే విడిగా తీసేయడమే మేలని నా అభిప్రాయం. మేనకోడలికో, మరొకరికో ఇచ్చేయదలచుకుంటే మాత్రం మీ ఖాతా, మీ గీతలు అందులో మిగలకూడదు కనుక ఎస్‌డీఆర్ ఫోల్డర్లతో సహా అంతా కాపీ చేసుకుని, రీసెట్ చేసి ఇవ్వండి.