యాడ్‌లో 489, హైవే మీద ఎంత? ఎలక్ట్రిక్ కారా, హైబ్రిడ్ కారా

నల్లగొండ నుంచి హైదరాబాద్ పోయి రావడానికి ఏ కారు మేలని అడిగేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. అందరి ఫోన్లోనూ ఏదో ఒక యాడ్ ఉంటుంది, అందులో పెద్ద అక్షరాల్లో ఒక అంకె. నన్నడిగితే తేల్చేది ఆ అంకె పక్కనున్న చిన్న స్టార్ గుర్తే, అంటే 'షరతులు వర్తిస్తాయి' అనే మాటే.

టాటావాళ్ల ఎలక్ట్రిక్ కారు నెక్సాన్ ఈవీ 45కి చెప్పే రేంజ్, అంటే ఒకసారి ఫుల్ చార్జ్ చేస్తే పోయే దూరం, 489 కిలోమీటర్లు; పెట్రోల్ ఇంజిన్‌తో పాటు బ్యాటరీ మోటారు కూడా ఉండే మారుతి గ్రాండ్ విటారా స్ట్రాంగ్ హైబ్రిడ్‌కి లీటరుకు 27.97 కిలోమీటర్లు. అబద్ధాలేం కావు. కాకపోతే ఆ పరీక్ష ల్యాబులో రోలర్ల మీద, ఏసీ లేకుండా చేస్తారు, స్పీడు 90 దాటదు, సగటు చూస్తే ఇంకా చాలా తక్కువ. మనమేమో చిట్యాల దగ్గర విజయవాడ హైవే ఎక్కామంటే 90కి తగ్గం, ఇక మే నెలలో ఏసీ ఆపి నడిపే మొగోడు మన జిల్లాలో ఉన్నాడా! టాటావాళ్లే 489 పక్కన సీ75 అని ఇంకో అంకె ఇస్తారు, అంటే నూటికి 75 మంది కస్టమర్లకు రోడ్డు మీద నిజంగా వచ్చే రేంజ్, అది 350 పైచిలుకు. నమ్మితే దాన్ని నమ్మండి. అందులో ఇంకో వంద పోయినా రానూపోనూ 200 కిలోమీటర్ల దారికి ఢోకా లేదు.

హైబ్రిడ్ బలమంతా ట్రాఫిక్‌లోనే. బ్రేకు వేస్తే బ్యాటరీ ఎక్కుతుంది, మెల్లగా పాకేటప్పుడు ఇంజిన్ ఆగుతుంది. ఎల్బీనగర్‌లో బ్రహ్మాండం, పంతంగి టోల్‌గేట్ దాటి హైవే మీద సాఫీగా పోతుంటే మాత్రం పనంతా ఇంజిన్‌దే, ఆ 28 కనబడదు. అపార్ట్‌మెంట్‌లో ఉండి చార్జింగ్‌కు దారి లేనివాళ్లు, నెలనెలా తిరుపతి పోయేవాళ్లు ఇదే తీసుకోండి, తప్పులేదు.

సీఎన్జీ అయితే డిక్కీలో సిలిండర్, బంకు దగ్గర లైను. బంకు మీ దారిలోనే ఉంటే చూసుకోండి.

సొంతిల్లు, వాకిట్లో ప్లగ్గు ఉంటే నా ఓటు ఎలక్ట్రిక్‌కే. 2026 డిసెంబర్ 31 వరకు మన రాష్ట్రంలో రోడ్ టాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు లేవు. షోరూంలో కరెంటు ఖర్చు కిలోమీటరుకు రూపాయే అంటారు గానీ, ఇంట్లో 300 యూనిట్లు దాటితే పై స్లాబులో యూనిట్ 9 రూపాయలు పడుతుంది, అప్పుడు రూపాయిన్నర అనుకోండి. హైబ్రిడ్ లీటరుకు 20 ఇచ్చినా పెట్రోలుకు కిలోమీటరుకు 5 దాటుతుంది. బుక్ చేసేముందు కరెంటు బిల్లు తీసి శాంక్షన్ లోడు, అంటే మీ ఇంటికి ఒకేసారి వాడుకోవడానికి ఇచ్చిన కరెంటు పరిమితి, ఎంతుందో చూడండి, ఒకటి రెండు కిలోవాట్లే ఉంటే కారు చార్జింగ్‌కు చాలదు, లోడు పెంచమని ముందే అప్లై చేయాలి, ఈ మాట సేల్స్ అబ్బాయి చెప్పడు.