ఏడు వేల టిక్‌టిక్ పెట్టె: ఆరు నెలలు వాడాక

ఈ గైగర్ కౌంటర్, అంటే రేడియేషన్ లెక్కపెట్టే పెట్టె, నేను కొన్నది కాదు. మా మేనల్లుడు ఆన్‌లైన్లో ఏడు వేల చిల్లర పెట్టి తెప్పించాడు. వాడిది ఇంజనీరింగ్ రెండో ఏడు. వాడూ, వాడి స్నేహితులు ముగ్గురూ ఆదివారాలు బైకులేసుకుని ఊళ్లు తిరుగుతుంటారు. ఫలానా కొండ మీద రాళ్లు రాత్రిపూట మెరుస్తాయట, ఫలానా బావి నీళ్లు తాగితే జుట్టు రాలిపోతుందట, ఇలాంటి మాట ఎక్కడ విన్నా వెళ్లి చూసి రావాల్సిందే. డబ్బా రాగానే తిన్నగా విజయనగరంలో నా దగ్గరికి పట్టుకొచ్చాడు. "మావయ్యా, ఇది ఒరిజినలేనా?"

నేను ముప్పై ఏళ్లు ఆస్పత్రి ఎక్స్‌రే గదిలో పనిచేసి రిటైరయ్యాను. ఆ ముప్పై ఏళ్లూ జేబుకి రేడియేషన్ కొలిచే బ్యాడ్జి పెట్టుకు తిరిగాను. అందుకని ఇంట్లో రేడియేషన్ మాట ఎత్తితే అందరూ నా వైపే చూస్తారు.

కంపెనీ పేరు రాయడం లేదు. అచ్చం ఇదే పెట్టెను నాలుగైదు పేర్లతో అమ్ముతున్నారు, మీ ఇంటికి ఏ పేరుతో వస్తుందో తెలియదు. లోపల ఉండేది మాత్రం జె305 అనే గాజు గొట్టం. చూపుడు వేలంత పొడవు, పెన్సిల్ కంటే కాస్త లావు. దాని మీద దాదాపు 400 వోల్టులు ఉంటుంది. రేడియోధార్మిక పదార్థం నుంచి వచ్చే గామా కిరణమో బీటా కణమో లోపలి వాయువును తాకగానే ఒక టిక్. అంతే, ఈ పెట్టెకు తెలిసిన విద్య అదొక్కటే. స్క్రీన్ మీద పెద్ద అక్షరాల్లో కనిపించే గంటకు ఇన్ని మైక్రోసీవర్టులు (ఒంటికి తగిలే డోసుకు కొలత) అనేది ఆ టిక్కుల్ని ఒక అంకెతో భాగించి చెప్పే మాట. నిమిషానికి 150 చిల్లర టిక్కులైతే గంటకు ఒక మైక్రోసీవర్టు అని లెక్క. ఆ లెక్క కూడా సీజియం-137 అనే రేడియోధార్మిక పదార్థం నుంచి వచ్చే గామాకి సరిపోయేలా కట్టింది. ఎదురుగా వేరే పదార్థం ఉంటే లెక్క తప్పుతుంది. ఈ సంగతి పెట్టెతో వచ్చిన కాగితంలో ఎక్కడా లేదు.

పెట్టె పనిచేస్తోందా లేదా చూడాలంటే కాస్త రేడియోధార్మికత ఉన్న వస్తువు కావాలి. దానికోసం ఎక్కడికో వెళ్లక్కర్లేదు. ఎరువుల కొట్లో పొటాష్ బస్తా చాలు. పొటాషియం ఎక్కడుంటే అక్కడ పిసరంత రేడియోధార్మిక పొటాషియం-40 ఉంటుంది, మన ఒంట్లోనూ ఉంది. మా హాల్లో నిమిషానికి 30 టిక్కులు, అంటే గంటకు 0.20 మైక్రోసీవర్టులు. బస్తాకి ఆనించి పెడితే 62 అయింది. కొట్టువాడు బెదిరిపోయాడు. నేను టిఫిన్ డబ్బా మూత, స్టీలుది, బస్తాకీ పెట్టెకీ మధ్య పెట్టాను. 38కి పడిపోయింది. "చూశావా, పెరిగినదాంట్లో చాలా మటుకు బీటా. ఒక స్టీలు రేకు ఆపేసింది. ఇందాక స్క్రీన్ మీద 0.4 అని చూపించిందే, అది డోసు కాదు, వట్టి టిక్కులు" అన్నాను మేనల్లుడితో. వాడు నోటు పుస్తకంలో రాసుకున్నాడు. కొట్టువాడు మాత్రం ఆ మూలకి వెళ్లడం మానేశాడని తర్వాత తెలిసింది. పాపం.

మా పాత పెట్రోమాక్స్ లైటు మాంటిల్ ఒకటి అటక మీద దొరికింది. థోరియం (అదీ రేడియోధార్మిక పదార్థమే) పూసినది కాబోలు, 240 దాకా ఎగిరింది. దాన్ని జిప్ కవర్లో పెట్టి ఉంచాం. మీ దగ్గరా ఉంటే వెలిగించకండి, నలపకండి, ఆ పొడి పీల్చడం మంచిది కాదు. ఇక బండి నంబరు ప్లేట్లకి రేడియం స్టిక్కర్లు వేసే కొట్టు ముందు కూడా పెట్టి చూశాడు మావాడు. ఏమీ రాలేదు. రాదు కూడా. ఆ బోర్డు మీద తప్ప ఆ కొట్లో ఎక్కడా రేడియం లేదు.

ఇప్పుడు అసలు ఫిర్యాదులు. మొదటిది, ఈ పెట్టెకు తొందర ఎక్కువ. స్క్రీన్ మీద అంకె మూడు సెకన్లకోసారి మారుతుంది. 0.14, 0.27, 0.19, 0.33. కుర్రాళ్లు 0.33 కనబడగానే ఫొటో తీసేస్తారు. నిమిషానికి సగటున 30 టిక్కులు వచ్చే చోట ఒక నిమిషం 24, ఇంకో నిమిషం 37 రావడం మామూలే. అందుకే పది నిమిషాలు కదలకుండా ఉంచి మొత్తం టిక్కులు లెక్కేసుకోమని చెప్పాను. 300 వస్తే అటూ ఇటూ 17 తేడా, అంతే. కుర్రాళ్లకి పది నిమిషాలు కూర్చోవడమే రేడియేషన్ కంటే పెద్ద బాధ.

రెండోది, కుడి పక్క బటన్ పొరపాటున నొక్కితే మైక్రోసీవర్టులు పోయి మిల్లీరాంట్‌జన్లు వస్తాయి. ఒక మిల్లీరాంట్‌జన్ అంటే దాదాపు పది మైక్రోసీవర్టులు. జేబులో దానంతటదే నొక్కుకుపోయి స్క్రీన్ మీద 0.02 కనబడితే, "ఈ ఊళ్లో రేడియేషనే లేదు మావయ్యా" అని ఫోన్ చేశాడు. రేడియేషన్ లేని ఊరు భూమి మీద లేదురా అన్నాను.

మూడోది, నాకు బాగా కోపం తెప్పించింది. మొత్తం డోసు కూడిక చూపించే పేజీ ఒకటుంది. ఆఫ్ చేస్తే అది సున్నా అయిపోతుంది. రోజంతా తిరిగినదాని లెక్క పోయినట్టే. సముద్రం గాలికి కూడా ఇది తట్టుకోదు. భీమిలిలో సాయంత్రం తేమకి ఊరికే టిక్కులు కొట్టింది. తెల్లారి ఎండలో పెట్టి ఆరనిస్తే సర్దుకుంది. ఫోన్ ఆనించి పెట్టినా ఒక్కోసారి అలాగే చేస్తుంది.

భీమిలి ఎందుకెళ్లామంటే నల్ల ఇసుక కోసం. అల వెనక్కి పోయాక తడి ఇసుక మీద నల్లటి చారలు మిగులుతాయి చూడండి, దాంట్లో ఇల్మనైట్, గార్నెట్‌తో పాటు కాస్త మోనజైట్ అనే ఖనిజం ఉంటుంది. మోనజైట్‌లో థోరియం. పసుపు ఇసుక మీద నిమిషానికి 22, రెండడుగులు పక్కన నల్ల చార మీద 80. ఆ తేడా చెవులకే తెలుస్తుంది. ఈ పెట్టె సత్తా ఏమిటో నాకు అక్కడే అర్థమైంది. ఇక్కడ కంటే అక్కడ ఎక్కువ అని కచ్చితంగా చెబుతుంది. ఎంత ఎక్కువ డోసు అంటే మాత్రం దాని మాట నమ్మక్కర్లేదు. ఒక కుర్రాడు గుప్పెడు ఇసుక కవర్లో వేసుకోబోతే ఆపాను. మోనజైట్ అణుశక్తి చట్టాల కిందికి వచ్చే పదార్థం. పక్కనున్న ఎర్రమట్టి దిబ్బలు భూవారసత్వ స్థలం, వాటిని ముట్టుకోవడం అసలే కూడదు. ఫొటో తీసుకో, అంకె రాసుకో, చేతులు కడుక్కుని రా.

దీనితో కాని పనులు చాలా ఉన్నాయి. సెల్ టవర్ దగ్గర ఒక ఊరివాళ్లు పిలిచారు. టవర్ కింద 28, చెరువు గట్టు మీద 29. "మేస్టారూ, మీటరు పాడైనట్టుంది" అన్నాడొక పెద్దాయన. పాడవలేదండీ, టవర్ నుంచి వచ్చేవి రేడియో తరంగాలు, ఈ గొట్టానికి అవి తెలియవు, దానికి వేరే మీటరుంటుంది అని చెప్పాను. వాళ్లకి నచ్చలేదు. పులివెందుల నుంచి మావాడి క్లాస్‌మేట్ ఒకడు బోరు నీళ్లు సీసాలో తెచ్చాడు, యురేనియం ఉందేమో చూడమని. సీసాకి పెట్టె ఆనించి గంటసేపు ఉంచినా తేడా రాదు. తాగునీటికి పెట్టిన హద్దు లీటరుకు 30 మైక్రోగ్రాములు. అంత కొంచెం యురేనియం ల్యాబ్‌లో ఫ్లోరిమీటరు లాంటి యంత్రాలకే దొరుకుతుంది. డయాగ్నస్టిక్ సెంటర్ ఎక్స్‌రే గది తలుపు దగ్గర కూడా పెట్టకండి. ఎక్స్‌రే సెకనులో చిన్న ముక్కసేపు వస్తుంది, సగటు తీసే ఈ పెట్టె దాన్ని సరిగ్గా పట్టుకోలేదు. ఏమీ లేదని చెప్పి మిమ్మల్ని మోసం చేస్తుంది.

అన్నిటికంటే ముఖ్యం, ఎక్కువ రేడియేషన్ ఉన్నచోట ఇలాంటి గొట్టాలు మూగబోవచ్చు. ఒక టిక్ నుంచి తేరుకునేలోపే ఇంకోటి, ఇంకోటి తగులుతుంటే లెక్క పెరగాల్సింది పోయి తగ్గుతుంది. కుర్రాళ్లు పాత ఇనుప సామాన్ల కొట్లకి కూడా వెళ్తారని తెలిశాక వాళ్లని కూర్చోబెట్టి మాయాపురి కథ చెప్పాను. 2010లో ఢిల్లీ విశ్వవిద్యాలయం పాతబడిన గామా యంత్రాన్ని వేలం వేస్తే, అది మాయాపురి స్క్రాప్ బజారుకు చేరింది. లోపల కోబాల్ట్-60 అనే తీవ్రమైన రేడియోధార్మిక పదార్థం ఉందని తెలియక విప్పారు. ఒకాయన చనిపోయాడు, మరికొందరు ఆస్పత్రి పాలయ్యారు. అందుకని మా ఇంట్లో రూలు ఇదీ: పెట్టెని దూరం నుంచే ఆన్ చేసి నడవాలి. అంకె గంటకు ఒక మైక్రోసీవర్టు దాటి, ఎందుకో తెలియకపోతే వెనక్కి రావాలి. ఒక మీటరు నుంచి రెండు మీటర్లకి జరిగితే నాలుగో వంతే తగులుతుంది. రేడియేషన్ హెచ్చరికగా వేసే మూడాకుల గుర్తున్న డబ్బా, సీసం దిమ్మ కనబడితే ముట్టుకోకుండా పోలీసులకి చెప్పాలి. చదువు అక్కడ చూపించకూడదు.

"మరి మాకెంత తగిలిందో ఎలా తెలుస్తుంది?" అని అడిగాడు మావాడు. దానికి నా బ్యాడ్జి సంగతి చెప్పాను. టీఎల్‌డీ బ్యాడ్జి అంటాం. లోపల కాల్షియం సల్ఫేట్‌తో చేసిన మూడు చిన్న బిళ్లలుంటాయి, మూడు నెలలకోసారి ల్యాబ్‌కి పోయి వస్తాయి. నా కాగితాల మీద ఎప్పుడూ సున్నాలో, సున్నాకి దగ్గరో. ఒక్క త్రైమాసికం మాత్రం డోసు ఎక్కువొచ్చింది, కారణం రాయండి అని లెటర్ వచ్చింది. రెండ్రోజులు నిద్రపోలేదు. మా ఆవిడకి చెప్పలేదు. తీరా చూస్తే, ఏప్రను కింద వేసుకునే చొక్కాతో పాటు బ్యాడ్జిని కూడా ఎక్స్‌రే గదిలో మేకుకి తగిలించి వారం రోజులు సెలవు మీద వెళ్లాను. పాపం అది వారం రోజులూ డ్యూటీ చేసింది. కాబట్టి పెట్టెని బైకు డిక్కీలో పడేసి తిరిగితే అది డిక్కీకి తగిలిన లెక్క. ఛాతీ దగ్గర జేబులో ఉంచు, వెళ్లేముందు ఇంటి దగ్గర పది నిమిషాల లెక్క రాసుకో, చోటు, టైము, ఎత్తు రాసుకో, ఆఫ్ చేయకుండా ఇంటికి రా.

వాళ్లు ఈ ఆరు నెలల్లో తిరిగిన చోట్ల తగిలింది ఏపాటిదో పోల్చి చూశాం. మా హాల్లో 0.20 చొప్పున ఏడాదంతా కూర్చున్నా 1.75 మిల్లీసీవర్టులు. సహజంగా వచ్చేదానికి ప్రపంచ సగటు ఏడాదికి 2.4 నుంచి 3 దాకా అంటారు. భీమిలి నల్ల చార మీద మేం గడిపిన గంటన్నరకి పైసలో లెక్క కూడా రాదు. ఎక్స్‌రే గదిలో పనిచేసేవాళ్లకి పెట్టిన హద్దు అయిదేళ్ల సగటున ఏడాదికి 20. మామూలు జనానికి సహజమైనది కాక ఏడాదికి 1. ఈ రెండు అంకెలూ పుస్తకం మొదటి పేజీలో రాయించాను.

ఛార్జింగ్ బాగానే నిలుస్తుంది, శబ్దం ఆపేస్తే రెండు రోజులు వస్తుంది. ప్లాస్టిక్ చవకది, ఒకసారి పడితే మూల చిట్లింది. అయిదుకి మూడు నక్షత్రాలు. ఆఫ్ చేసినా కూడిక పోకుండా చేసుంటే నాలుగు ఇచ్చేవాణ్ని. నేర్చుకునేవాళ్లు కొనొచ్చు, భయం తీర్చుకోవడానికైతే వద్దు, దీనితో భయం తీరదు.

ఇప్పుడు మావాడికి సింటిలేషన్ క్రిస్టల్ (రేడియేషన్ తగిలితే మెరిసే స్ఫటికం) ఉన్న మీటరు కావాలట. ఏ పదార్థమో కూడా చెబుతుందట, ధర దీనికి నాలుగైదు రెట్లు. "మావయ్య కొనమన్నాడు" అని ఇంట్లో చెప్పాడు కాబోలు, మా చెల్లెలు పొద్దున్నుంచి మూడుసార్లు ఫోన్ చేసింది. ఇంకా ఎత్తలేదు.