పల్లపు మడిలో వరి ఒక్కటేనా, చేపలు కూడానా?

పర్లాకిమిడి చుట్టుపక్కల పల్లపు భూములున్న మన చిన్న రైతులు ఎక్కువగా స్వర్ణ రకం వరి ఒక్కటే వేస్తారు. తెలిసిన పనే, కొత్త పెట్టుబడి అక్కర్లేదు, కానీ మహేంద్రతనయ ఏరు పొంగి మడి పది రోజులు మునిగిందంటే పంట మీద ఆశ వదులుకోవాల్సిందే. స్వర్ణ సబ్-1 అయితే రెండు వారాల దాకా మునక తట్టుకుంటుంది, 2009లోనే విడుదలైంది, వరి ఒక్కటే వేసేవాళ్లు కనీసం అదైనా వేయండి.

వరితో చేపలు పెంచడం కటక్ వరి పరిశోధన సంస్థ ఏళ్లుగా చెబుతున్న పద్ధతి. మడి అంచున మీటరు లోతు కందకం తవ్వి, ఆ మట్టితోనే గట్టు ఎత్తు చేసి, నీరు బయటికి పోయే దారికి సన్నకన్ను వల కట్టి, నాట్లు కుదురుకున్నాక వేలెడు పొడవున్న బొచ్చె, శీలావతి పిల్లల్ని వదలాలి. నీళ్లు తగ్గితే అవే కందకంలోకి దిగిపోతాయి. గట్టు మీద ఆనప, చిక్కుడు పెట్టుకోవచ్చు. కందకానికి కొంత నేల పోతుంది, తవ్వకం ఖర్చు మొదటి ఏడు గట్టిగానే తగులుతుంది, పురుగుమందు ఇష్టమొచ్చినట్టు కొట్టడం ఇక కుదరదు (అది మంచిదే).

నాలుగైదు నెలలు నీళ్లు నిలిచే మడి ఉంటే నా ఓటు చేపలకే, వరి తగ్గిన ఏడు కూడా చేతిలో నాలుగు డబ్బులు ఆడతాయి. వరద గట్టు దాటే చోట మాత్రం వద్దు, చేపలన్నీ ఏటిపాలవుతాయి.