‘ఆఫ్టర్ లైఫ్’ డిస్కు కొనేవారికి హెచ్చరిక: అట్ట మీద ఒక సినిమా, లోపల మరొకటి

బెంగళూరులో పాత సినిమా డిస్కులు కొనే తెలుగువారు, ముఖ్యంగా 1998 నాటి జపాన్ చిత్రం ‘ఆఫ్టర్ లైఫ్’ కోసం వెతుకుతున్నవారు, డబ్బు చెల్లించే ముందు ఇది చదవవలసిందిగా కోరుతున్నాను.

మొన్న గురువారం మా అమ్మగారి సంవత్సరీకం. అందుకోసం నాన్నగారు, పిన్ని అనంతపురం నుంచి మారతహళ్లిలోని మా ఇంటికి వచ్చారు. హిరొకాజు కొరెయెదా తీసిన ఆ చిత్రంలో చనిపోయినవారు పాత బడిలాంటి ఒక భవనానికి చేరుకుంటారు. బతికిన కాలమంతటిలోనూ ఒకే ఒక్క జ్ఞాపకాన్ని ఎంచుకుంటే అక్కడి ఉద్యోగులు దానిని సినిమాగా తీసి చూపుతారు, ఆ ఒక్కదానిని వెంటబెట్టుకుని వారు వెళ్లిపోతారు. ఏ జ్ఞాపకమూ తేల్చుకోలేక, తన జీవితాన్ని ఏడాదికొక టేపు చొప్పున కూర్చుని చూసే వృద్ధుడొకడు అందులో ఉన్నాడు. ఏడాదిగా అమ్మ పేరెత్తని నాన్నగారు అతనిని చూసైనా నోరు విప్పుతారేమోనన్న ఆశతో నగరంలోని ఒక దుకాణంలో 850 రూపాయలిచ్చి ఆ డిస్కు కొన్నాను.

అట్ట మీద దర్శకుని పేరు, సంవత్సరం సరిగ్గానే ఉన్నాయి. సాయంత్రం అందరం కూర్చుని వేస్తే మొదలైనది మాత్రం అదే ఆంగ్ల నామంతో 2009లో వచ్చిన అమెరికన్ భయానక చిత్రం. కారు ప్రమాదానికి గురైన ఒక యువతి, అంత్యక్రియలకు శవాలను సిద్ధం చేసే బల్ల మీద కళ్లు తెరుస్తుంది. నువ్వు చనిపోయావని అక్కడి మనిషి ఆమెకు చెబుతూ ఉంటాడు. ఆ చిత్రాన్ని నేను తప్పుపట్టడం లేదు. కానీ ఉదయమే పిండప్రదానం జరిగిన ఇంట్లో ఆ దృశ్యం తెర మీదికి రాగానే నాన్నగారు ఒక్క మాట కూడా అనకుండా లేచి లోపలికి వెళ్లిపోయారు. నేను ఆపేలోపే అది జరిగిపోయింది.

మర్నాడు దుకాణానికి వెళితే, పేరు ఒకటే కదా అన్నారు, విప్పిన డిస్కు వాపసు తీసుకునేది లేదన్నారు. అప్పుడు తిప్పి చూస్తే డిస్కు అడుగుభాగం ఊదారంగులో ఉంది. కర్మాగారంలో అచ్చయిన డిస్కు అడుగు వెండిలా మెరుస్తుంది, ఇంట్లో కాపీ చేసినదానికే సాధారణంగా ఆ ఊదా ఛాయ వస్తుంది. కాబట్టి అట్టను నమ్మకుండా అక్కడే వేయించి మొదటి ఐదు నిమిషాలు చూడండి, బిల్లు మీద దర్శకుని పేరు కూడా రాయించుకోండి. అసలైన బ్లూరే దొరికినా దాని ప్రాంతపు గుర్తు చూడటం మరవకండి: అమెరికా, జపాన్ ‘ఎ’ ప్రాంతంలో ఉన్నాయి, మన దేశం ‘సి’లో ఉంది, ‘ఎ’ ప్రాంతానికే పరిమితం చేసిన డిస్కు ఇక్కడి మామూలు ప్లేయరులో ఆడదు.

నాకు బిల్లు ఇవ్వలేదు. యూపీఐ చెల్లింపు వివరాలు, డిస్కు ఫోటోలు జతచేసి జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రంలో నిన్న ఫిర్యాదు నమోదు చేశాను. దాని ఫోన్ నంబరు 1915. నాన్నగారు వచ్చే ఆదివారం ఊరికి బయలుదేరుతున్నారు. ఆంగ్ల ఉపశీర్షికలున్న అసలు డిస్కు మీలో ఎవరి దగ్గరైనా ఉంటే, ఆలోగా ఒక్క రోజుకు అరువిస్తే, నేనే వచ్చి తీసుకుని భద్రంగా తిరిగి అప్పగిస్తాను.